ఊరొదలని మనిషి

మొన్న ఉగాదికి అమెరికాలో, అయోవా రాష్ట్ర రాజధాని డెమోయిన్‌లో ఒక మిత్రుడింట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక మాటలు వీసాల మీద నుంచి లేఆఫ్‌ల మీదకి, అక్కణ్ణించి ఇక్కడి పల్లెటూళ్లలో ఫ్యాక్టరీ పనులు చేసుకునేవాళ్ల మీదకి మళ్లాయి. మావాడొకడు, మనిషి మంచివాడే, చేతిలో బొబ్బట్టుతోనే తీర్పు చెప్పేశాడు: "వీళ్లకి స్టాంపింగ్ టెన్షన్ లేదు, భాష సమస్య లేదు, కారెక్కితే దేశమంతా వీళ్లదే. అయినా పుట్టిన ఊళ్లోనే కూర్చుని ఉద్యోగాలు పోయాయని ఏడుస్తారు. పోవచ్చు కదా ఎక్కడికైనా? మనం సముద్రాలు దాటి రాలేదూ?" చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు. పండగపూట గొడవెందుకని నేను ప్లేటు కడుక్కోడానికి లేచాను. కానీ ఈ మాట ఇక్కడ మనవాళ్ల నోట చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తా. ఈ పల్లెటూరి కార్మికుడు ఊరొదలకపోవడం బద్ధకమూ కాదు, తెగువ లేకా కాదు. అతనికున్న ఆస్తిలో ముప్పాతిక వంతు ఆ ఊళ్లో తప్ప ఇంకెక్కడా చెల్లనిది. పోతే అది సున్నా అవుతుంది. మనం వదిలొచ్చినవాళ్లం కాబట్టి వదిలిరావడమే సహజమనీ, ఉండిపోయినవాడే సంజాయిషీ ఇవ్వాలనీ అనుకుంటాం.

ఆయన రైతు కాదు

మేముండేది అయోవా తూర్పున, మిసిసిపీ నదికి అంత దూరం కాని ఒక చిన్న ఊళ్లో. జనం రెండు వేల లోపే. అద్దె తక్కువని వచ్చాం, స్కూలు నచ్చి ఉండిపోయాం. మా పక్కింటాయనకి యాభై దాటాయి. వెల్డర్. ఇక్కడికి వచ్చే మన చుట్టాలు చుట్టూ మొక్కజొన్న చూసి "ఆయనకెన్ని ఎకరాలు?" అని అడుగుతారు. ఇల్లున్న స్థలం తప్ప సెంటు భూమి లేదు.

ఒకప్పుడు ఉండేది. ఈ ప్రాంతమంతా మైలుకో రోడ్డు చొప్పున గళ్లుగళ్లుగా ఉంటుంది, 1785 నాటి చట్టం ప్రకారం కొలిచిన గళ్లు, ఒక్కోటి 640 ఎకరాలు. అందులో పావు గడి, అంటే 160 ఎకరాలు, వాళ్ల తాతగారిది. 1970లలో ధాన్యం ఎగుమతులు పెరిగి భూమి ధర ఎగబాకితే బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. ఆ తర్వాత ద్రవ్యోల్బణాన్ని అణచడానికి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు పెంచింది, 1980లో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకాలు ఆపారు, 1981 నుంచి 1986 లోపల అయోవాలో భూమి ధర దాదాపు మూడింట రెండొంతులు పడిపోయింది. వాళ్ల నాన్న హయాంలో ఆ భూమి పోయింది. వేలంపాట రోజున తను బడికి వెళ్లాడట, సాయంత్రం వచ్చేసరికి షెడ్డులో ట్రాక్టరు లేదట. ఇప్పుడు అయోవాలో ఎకరం సగటున 11 వేల డాలర్ల పైమాటే. గంట కూలీతో దాన్ని తిరిగి కొనడం ఈ జన్మకి జరిగే పని కాదు, ఆయన అలాంటి ఆశ ఉన్నట్టు ఎప్పుడూ మాట్లాడలేదు కూడా.

కాబట్టి గ్రామీణ మిడ్‌వెస్ట్ (అయోవా, ఇల్లినాయ్ లాంటి నడిమి రాష్ట్రాల) కార్మికుడంటే సినిమాల్లో చూపించే గడ్డిపరక నమిలే రైతు కాదు. సరుకులు దింపేవాడు, ధాన్యం ఎలివేటర్‌లో, అంటే ధాన్యం నిల్వచేసే పెద్ద గోదాములో పనిచేసేవాడు, పందుల్ని కోసే ప్లాంటులో కత్తి పట్టేవాడు, కౌంటీ రోడ్ల మీద మంచు తీసేవాడు, స్కూలు బస్సు నడిపేవాడు. రైతు కుటుంబాల్లోనే చాలామందికి రాబడిలో ఎక్కువ భాగం పొలం బయటి ఉద్యోగం నుంచే వస్తుంది. ఆరోగ్య బీమా కోసం భార్య బడిలోనో ఆసుపత్రిలోనో పనిచేయడం ఇక్కడ మామూలు విషయం.

మా పక్కింటాయనది సెకండ్ షిఫ్ట్. మధ్యాహ్నం మూడింటికి మొదలు, రాత్రి పదకొండింటికి విడుపు, సీజనుంటే శనివారాలు కూడా. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడి చిన్న చిన్న తెల్లమచ్చలు. వెనక గుమ్మం దగ్గర ఉక్కు ముక్కు బూట్లు విప్పి, లేసులు వదులు చేసి, లోపలి అట్టలు బయటికి లాగి ఆరబెట్టాకే ఇంట్లోకి వెళ్తాడు. గంటకి 26 డాలర్లు. ఏడాదికి 54 వేలు, ఓవర్‌టైమ్ కలిస్తే ఇంకొంచెం. మనవాళ్లు దీన్ని వెంటనే రూపాయల రేటుతో గుణించి "అబ్బో" అంటారు. గుణించకండి. ఆయన ఖర్చులూ డాలర్లలోనే.

కదిలితే ఏం పోతుంది

పోవచ్చు కదా అన్నారు. సరే, పోయాడనుకుందాం, డెన్వర్ నగరానికి.

ఈ ఊళ్లో ఆయన ఇంటికి మహా అయితే లక్షా పదిహేను వేలొస్తాయి. అప్పు తీరడానికి దగ్గరలో ఉంది. డెన్వర్‌లో ఆ డబ్బు డౌన్ పేమెంటుకే సరిపోతుంది. అంటే యాభై దాటాక మళ్లీ ముప్పై ఏళ్ల అప్పు. ఇది కాగితం మీద కనపడే నష్టం, చిన్నది.

కాగితం మీద కనపడనిది వాళ్ల గరాజులో ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఫ్రీజరు. డిసెంబర్‌లో షాట్‌గన్ సీజనులో కొట్టిన జింక మాంసం, తెలిసిన రైతు దగ్గర కొన్న సగం పంది, అన్నీ ఊరి మీట్ లాకర్‌లో (మాంసం కోసి పొట్లాలు కట్టిచ్చే దుకాణంలో) కోయించి తెల్ల కాగితంలో చుట్టి, పైన మార్కరుతో ఏ భాగమో, ఏ నెలో రాసిన పొట్లాలు. దాదాపు ఏడాది మాంసం ఖర్చు అక్కడితో సరి. పిల్లలు చిన్నప్పుడు డేకేర్ మాటే లేదు, అత్తగారు రెండు వీధుల అవతలే. ఆ ఖర్చెంతో పిల్లలున్న మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ట్రక్కు బ్రేకులు బావమరిది చూస్తాడు, బదులుగా బావమరిది ట్రెయిలర్‌కి ఈయన వెల్డింగు చేస్తాడు. ఆ ఇచ్చిపుచ్చుకోడాలకి రసీదు ఉండదు, పన్ను ఉండదు, ఏ సర్వేలోనూ ఆదాయం కింద రాదు. ఊరు మారితే ఈ మొత్తం ఆదాయం ఒక్కరోజులో పోతుంది, అప్పుడు జీతం గంటకి పదిహేను డాలర్లు పెరిగినా చేతిలో మిగిలేది తక్కువే.

2020 ఆగస్టు 10న డెరెచో వచ్చింది గుర్తుందా. సీడార్ రాపిడ్స్‌ని అతలాకుతలం చేసిన ఆ గాలివాన మా వైపూ వీచింది. కరెంటు పోయింది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. పక్కింటాయన తన జెనరేటర్ నుంచి పెరటి మీదుగా తీగ లాగి, ఒక కాగితం మీద వంతులు రాసి గరాజు తలుపుకి అంటించాడు: రెండు గంటలు తమ ఫ్రీజరు, రెండు గంటలు మా ఫ్రిజ్, రెండు గంటలు ఎదురింటి ముసలావిడది. నేను పెట్రోలు డబ్బులివ్వబోతే తీసుకోలేదు, కానీ మర్నాడు "నువ్వు ఖాళీయేనా" అని పిలిచి ఎదురింటి కప్పు మీద పడ్డ కొమ్మలు రోజంతా మోయించాడు. జాలిపడి ఉచితంగా ఇచ్చింది కాదది, వంతు. ఇక్కడ ఉన్నవాడు వంతు వేసుకోవాలి. ఆయన ఊరి అగ్నిమాపక దళంలో కూడా వాలంటీరు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా ఇలా జీతం లేకుండా చేసేవాళ్లే, ఇలాంటి చిన్న ఊళ్లలోనైతే దాదాపు అందరూ. ఆయన డెన్వర్ వెళ్తే డెన్వర్‌కి ఒక వెల్డరు దొరుకుతాడు, మా ఊళ్లో రాత్రి రెండింటికి పేజరు మోగితే లేచేవాడు ఒకడు తగ్గుతాడు.

ఇంకో సంగతి. కదలడని ఎవరన్నారు? పోయిన లేఆఫ్‌లో ఆయన ప్లాంటు సెకండ్ షిఫ్ట్ ఎత్తేసింది. ఆయన కోతల కాలమంతా ఎలివేటరుకి ధాన్యం లారీలు తోలి, ఆ తర్వాత నది అవతల ఇల్లినాయ్‌లో ఇంకో షాపులో చేరాడు, రానూపోనూ తొంభై మైళ్లు, శీతాకాలంలో కూడా. ఇటు అయోవాలో కనీస వేతనం ఇప్పటికీ గంటకి 7.25 డాలర్లే, వంతెన దాటితే ఇల్లినాయ్‌లో 2025 నుంచి 15. ఆ వంతెన మీద తెల్లవారుజామున ఇటు నుంచి వెళ్లే పికప్‌ల వరుస చూస్తే వీళ్లు కదలరన్న మాట ఎవరూ అనరు. కదులుతారు, పొద్దుపోయాక ఇంటికొస్తారు.

ఒక్క గేటు మీద బతికే ఊరు

అసలు చిక్కు మనిషి కదలకపోవడంలో లేదు, ఊరికి రెండో ఫ్యాక్టరీ గేటు లేకపోవడంలో ఉంది. అయోవాలో న్యూటన్ అనే ఊరు వాషింగ్ మెషీన్లకి పెట్టింది పేరు. మేటాగ్ కంపెనీ 1893లో అక్కడే పుట్టింది. 2006లో వర్ల్‌పూల్ దాన్ని కొన్నది, 2007 అక్టోబర్‌లో న్యూటన్ ప్లాంటు మూసేసింది. గాలిమరల రెక్కలు చేసే కంపెనీ ఒకటి వచ్చి కాస్త ఊపిరి పోసింది, అదీ మధ్యలో ఒకసారి మూతపడి మళ్లీ తెరుచుకుంది. అంతకు ముందు 2004లో అదే మేటాగ్ ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్‌లో ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ మూసి పనిని మెక్సికోకి తరలించింది. 1,600 మంది రోడ్డున పడ్డారు. ఒబామా జాతీయంగా పేరు తెచ్చుకున్న ఆ ఏటి ప్రసంగంలో గేల్స్‌బర్గ్ కార్మికుల ప్రస్తావన ఉంది. ప్రసంగం మిగిలింది, ఫ్యాక్టరీ తిరిగి రాలేదు.

మరీ ఈమధ్యది పెర్రీ. డెమోయిన్‌కి వాయవ్యంగా, ఎనిమిది వేల జనాభా. అక్కడి టైసన్ పంది మాంసం ప్లాంటు 2024 జూన్‌లో మూతపడింది, దాదాపు 1,300 ఉద్యోగాలు. ఎనిమిది వేల మందిలో పదమూడు వందలు అంటే పిల్లల్నీ ముసలాళ్లనీ తీసేస్తే ఎంత వాటానో చూడండి. గ్రామీణ మిడ్‌వెస్ట్ కార్మికుడు అనగానే మన కళ్ల ముందు తెల్లగడ్డం, విత్తనాల కంపెనీ టోపీ మెదులుతాయి గానీ, పెర్రీ ప్లాంటులో పనిచేసినవాళ్లలో చాలామంది మెక్సికో నుంచో మధ్య అమెరికా నుంచో వచ్చి, ఇరవయ్యేళ్లుగా అక్కడే ఇళ్లు కొనుక్కుని, చర్చిలూ దుకాణాలూ పెట్టుకున్నవాళ్లు. వాళ్లు మనకంటే కష్టమైన దారిలో వలస వచ్చినవాళ్లే. మరి గేటు మూసేసినప్పుడు వాళ్లెందుకు వెంటనే మూటాముల్లే సర్దుకుని పోలేదు? ఇంటి అప్పు, బళ్లో పిల్లలు, పక్కనే చెల్లెలి కుటుంబం. ఒకసారి వలస వచ్చినవాడికి కూడా రెండోసారి కదలడం తేలిక కాదు. కాబట్టి దీన్ని జాతి గుణంగానో అమెరికా పల్లె సోమరితనంగానో చూడడం శుద్ధ తప్పు.

ఉండిపోయేవాడి దగ్గర ఇంకొకటి ఉంటుంది, కొట్లాడడానికి కారణం. 2021 అక్టోబర్ 14న ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ కంపెనీ కార్మికులు పది వేల మందికి పైగా సమ్మెకి దిగారు. ఎక్కువమంది అయోవా, ఇల్లినాయ్‌లవాళ్లే. 1997 తర్వాత చేరినవాళ్లకి పెన్షను తక్కువ, రిటైరయ్యాక ఆరోగ్య బీమా లేదు, అదే లైనులో అదే పని చేసే పాతవాళ్లకి అవి ఉన్నాయి. కంపెనీ లాభాలు రికార్డుకెక్కిన ఏడాదిలో ఇంకో కోత పెడతామనేసరికి ఓపిక నశించింది. రెండు ఒప్పందాలు ఓటుతో తిప్పికొట్టి, అయిదు వారాల తర్వాత మూడోదానికి ఒప్పుకున్నారు. వెంటనే 10 శాతం పెంపు, చేతికి 8,500 డాలర్లు. ఆ రోజుల్లో గేట్ల ముందు పీపాల్లో కట్టెలు మండించుకుని రాత్రంతా నిలబడ్డవాళ్లకి నేను ఓసారి డోనట్లు ఇచ్చి వచ్చాను, అంతకంటే ఏం చేయలేదు, చేయగలిగే స్థితిలోనూ లేను. హెచ్-1బి మీద ఉన్నవాడు ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దారి చూసుకోవాలి. మేనేజరు ముందు గొంతు పెంచాలంటేనే పదిసార్లు ఆలోచించే మనం, గ్రీన్‌కార్డు క్యూ కోసం ఒకే కంపెనీని ఏళ్ల తరబడి పట్టుకు వేలాడే మనం, వాళ్లకి కదలమని సలహా ఇవ్వడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది.

నా వాదనకి ఎదురుతిరిగే సంగతులు

ఇంతవరకు చదివినవాళ్లలో కొందరు అడిగేది నాకు తెలుసు. అంత బాగుంటే ఆ చావులేంటి? 2015లో ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్ చూపించారు, కాలేజీ చదువు లేని నడివయసు తెల్లవాళ్లలో ఆత్మహత్యలు, మాదకద్రవ్యాలు, తాగుడు వల్ల మరణాలు పెరిగాయని. మా ఊరు దానికి మినహాయింపేం కాదు. పనిలో చావులూ ఉన్నాయి. మాకు అట్టే దూరం కాని, నది అవతల ఇల్లినాయ్‌లోని మౌంట్ కారల్‌లో 2010 జులైలో ధాన్యం నిల్వచేసే బిన్నులో గింజల్లో కూరుకుపోయి ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు, ఒకడికి పద్నాలుగేళ్లు, ఇంకొకడికి పంతొమ్మిది. అయోవాలో కాన్పులు చేయడం మానేసిన ఆసుపత్రులు పదుల్లో ఉన్నాయి. నేను ఊరు స్వర్గమనడం లేదు. ఉండిపోవడానికి తగిన లెక్క ఉందంటున్నాను, ఆ లెక్కలో ఖర్చు వైపు కూడా బరువే.

రెండోది రాజకీయం. 2008, 2012లో ఒబామాకి వేసి 2016లో ట్రంప్‌కి మళ్లిన కౌంటీలు అయోవాలోనే అన్నిటికంటే ఎక్కువ, 31. మా పక్కింటాయన కూడా అలాగే మళ్లాడు. ఓరోజు కంచె దగ్గర నిలబడి బయటివాళ్లు వచ్చి ఉద్యోగాలు తీసుకుంటున్నారని చెప్పి, నా మొహం చూసి, "నిన్ను కాదు, నీ సంగతి వేరు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. జెనరేటర్ తీగ లాగినవాడూ ఆయనే, ఆ మాటన్నవాడూ ఆయనే. నేనిక్కడ ఆయన్ని దేవుణ్ణి చేయడానికి రాయడం లేదు. ఆయన ఓటు నాకు నచ్చకపోవడం వేరు, ఆయన బతుకుని సోమరితనం అనడం వేరు, మావాడు ఈ రెంటినీ కలిపేస్తాడు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం 2014లో అమెరికాలో ఏ ప్రాంతంలో పుట్టిన పేదపిల్లలు పైకొస్తున్నారో లెక్కగట్టింది. అయోవా, నెబ్రాస్కా, డకోటాల వంటి పల్లె ప్రాంతాలు ఆ పటంలో మెరిసిపోతుంటాయి. కుటుంబాలు, బళ్లు, ఊరి కట్టుబాటు బలంగా ఉన్నచోట ఇది ఎక్కువగా కనిపించింది. కానీ ఆ పిల్లల్లో చాలామంది పైకొచ్చేది ఊరొదిలి. అంటే తండ్రి ఉండిపోయి కట్టిన ఊరు, పిల్లల్ని పంపించడానికి పనికొస్తోంది. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు పల్లెల్లో తాళాలేసిన మేడలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు.

కేఫ్‌లో ఒక పెద్దాయన నన్ను మీ దేశంలో మొక్కజొన్న పండుతుందా అని అడిగాడు. పండుతుంది, విత్తన మొక్కజొన్న కూడా వేస్తారు, కూలీలు సాళ్లెంట నడుస్తూ మగ పూత పీకేస్తారు అని చెబితే ఆయన మొహం విప్పారింది. అయోవాలో జులై వచ్చిందంటే పద్నాలుగేళ్ల పిల్లలు చేసే మొదటి కూలిపని అదే. తెల్లారకముందే బస్సెక్కి, మంచుకి తడిసిన ఆకుల మధ్య నడవాలి, ఒళ్లంతా గీరుకుని దద్దుర్లు. మా పక్కింటాయన చేశాడు, ఆయన కూతురూ చేసింది. ఆ డబ్బుతోనే ఆ పిల్ల మొదటి కారు కొనుక్కుంది.

ఇప్పుడా అమ్మాయి ఏమ్స్‌లో, అయోవా స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయ ఇంజనీరింగు చదువుతోంది. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ ఇక్కడే, నాన్న పాత ప్లాంటులోనే దొరికింది, చదువయ్యాక తీసుకుంటామనీ అన్నారట. నేనైతే ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నా. వద్దన్నాడు. బయట ఎక్కడైనా చేరమన్నాడు. తల్లి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకలా అన్నావని నేనడిగితే గోరుతో బూటుకంటిన మట్టి గీకుతూ, తన తండ్రి ఉన్నదంతా భూమి మీదే పెట్టాడనీ, తను ముప్పై ఏళ్లు ఆ గేటు మీదే పెట్టాడనీ, ఇంట్లో మూడోతరం కూడా ఒక్కచోటే పెట్టక్కర్లేదనీ అన్నాడు. మరి నువ్వెందుకు వెళ్లవు అంటే, వచ్చే వారం జింకల సీజను మొదలు, నువ్వు వేట లైసెన్సు తీసుకుంటావా లేదా అని అడిగాడు.